కొవ్వొత్తి ఆరలేదు

ఎలాదియో శవం ద్రాక్షపందిరి కింద వెల్లకిలా పడి ఉంది. పక్కింటి అమారో దాని చంకల కింద చేతులు వేసి ఇంకా పట్టుకునే ఉన్నాడు.

ఎలాదియో భార్య దోసిందా కేక విని పరుగెత్తుకొచ్చిన వాళ్లందరూ అదే చూశారు. ఇద్దరికీ హద్దురాయి గొడవ ఉందని సల్నేస్ లోయలో తెలియనివాడు లేడు.

రెండో రోజు పోస్ట్‌మార్టం రిపోర్ట్ వచ్చింది. ఊపిరాడక చావు. చంకల కింద కమిలిన గుర్తులు. ఇంకే దెబ్బా లేదు.

అమారో లాకప్‌లో ఉన్నాడు. మర్నాడు పదకొండింటికి జడ్జి ముందు నిలబెట్టాలి. సార్జెంట్ సెల్సో స్టూలు లాక్కుని అతని ఎదురుగా కూర్చున్నాడు.

"ఎలాదియో నేలమాళిగలోకి ఎందుకు దిగావు?"

"తలుపు తీసుంది. పిలిచాను. పలకలేదు."

"మీకు మాటల్లేవుగా? పిలవడమేంటి?"

"తిట్టడానికి పిలిచాను సార్. మళ్లీ రాయి జరిపాడు, వెధవ."

"తర్వాత?"

"కింద పీపా పక్కన పడున్నాడు. ఊపిరి బిగబట్టి పైకి ఈడ్చుకొచ్చాను. నాకూ తల తిరిగిపోయింది. అది వైన్ ఊపిరి సార్. వాణ్ణి తీసుకుపోయింది అదే."

"పీపా మీద కొవ్వొత్తి వెలుగుతూనే ఉంది, అమారో. నా చేత్తో నేనే ఆర్పాను."

అమారో తల దించుకున్నాడు. అక్టోబరులో అల్బరీన్యో ద్రాక్షరసం పీపాల్లో పులిసి ఉడుకుతుంటే దాన్నుంచి విషగాలి వస్తుంది. మనిషి కొవ్వొత్తి పట్టుకుని దిగుతాడు. దీపం ఆరితే వెనక్కి. ఆరకపోతే భయం లేదు. వాళ్ల తాతలూ అంతే, వీళ్లూ అంతే.

"అదే నాకూ అంతుపట్టట్లేదు సార్," అన్నాడు చివరికి.

సెల్సో పెద్రెయ్రాలోని ఎలాదియో ఇంటికి వెళ్లాడు. వంటింట్లో ఎలాదియో తల్లి బల్బీనా ఒళ్లో చేట పెట్టుకుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. పొయ్యి మీద క్యాబేజీ చారు మరుగుతోంది. ఎవరూ దాని వంక చూడటం లేదు.

"ఆ పొద్దున ఏమన్నా అన్నాడా?"

"ఏముంది, చలిగాలిని తిట్టాడు," అంది దోసిందా. "వైన్ మూగబోయింది, బుడగల పాట ఆపేసింది అన్నాడు. పీపాకి చెవి ఆనించి వినొస్తానని వెళ్లాడు. ఆ హంతకుణ్ణి ఇంకా ఎందుకు మేపుతున్నారు మీరు?"

"ఉడికే రసం బాలింత లాంటిది," అంది బల్బీనా, చేటలోంచి తల ఎత్తకుండా. "గాలి తగలకూడదు. వాడు వింటేగా."

సెల్సో బయటికి వచ్చి ఇంటి చుట్టూ తిరిగాడు. ఇల్లు వాలులో ఉంది. నేలమాళిగ తలుపు ఎగువన, మెట్లు లోపలికి. దిగువ గోడ అవతల పొలం, దాని కింద సముద్రపు పాయ, ఆల్చిప్పలు పెంచే తెప్పలు.

దిగువ గోడ దగ్గర ఒక పిల్లి కూర్చుని రాతిని గీరుతోంది. పోయి మళ్లీ వస్తోంది. మళ్లీ గీరుతోంది.

సెల్సో వంగి చూశాడు. నేలమట్టంలో పిల్లి దూరే కన్నం. ఎలుకల కోసం పాత ఇళ్లన్నిటికీ ఉంటుంది. దానికి అడ్డంగా ఒక రాయి. రాయి వెనక నలుపూ తెలుపూ గళ్ల గుడ్డ. నాలుగు మడతలు, అంచు అంచుకి కలిపి.

చాలాసేపు అక్కడే గొంతుక్కూర్చున్నాడు. ఏమీ ముట్టుకోలేదు.

మర్నాడు పొద్దున్నే అమారోని జీపులో ఎక్కించుకుని వచ్చాడు.

"చంపిన చోటు చూపించడానికి తెచ్చారా?" అంది దోసిందా. "ఆ ముఖం మా పందిరి కిందికి రానివ్వకండి."

"ఒక్క నిమిషం, అమ్మా. నువ్వు చూడాలి." బల్బీనాని రమ్మనలేదు. ఆమే వచ్చి గుమ్మంలో నిలబడింది.

సెల్సో కొవ్వొత్తి వెలిగించి ఎండిన ద్రాక్షకొమ్మ చివర కట్టాడు. మెట్ల మీద నిలబడి కిందికి దించాడు. ఛాతీ ఎత్తున వెలుగుతోంది. నడుము ఎత్తున వెలుగుతోంది. మోకాళ్ల దగ్గరికి రాగానే, నోటితో ఊదినట్టు ఆరిపోయింది.

అందరూ ఆ పొగ వంకే చూశారు.

"ఈ గాలి బరువైంది. కిందే ఉంటుంది," అన్నాడు సెల్సో. "ఎలాదియో దీపంతోనే దిగాడు. ఆరలేదు. దాన్ని పీపా మీద పెట్టి, చెవి ఆనించి వినడానికి నేలకంటా వంగి కూర్చున్నాడు. అంతే. మేం వచ్చేసరికి శవం బయటుంది. కింద నేలమాళిగంతా నిలబడే చూశాం. ఒక్కడూ వంగలేదు. కమిలిన గుర్తులు లాగినప్పటివి. అమారో చంపలేదు, దోసిందా. కాపాడబోయాడు."

దోసిందా అమారో వైపు తిరిగింది. తర్వాత నేలమాళిగ మెట్ల వైపు చూసింది.

"మరి ఇన్నేళ్లూ అదే పీపా పక్కన కూర్చున్నాడుగా? ఎప్పుడూ ఏం కాలేదే?"

ఆ ప్రశ్న రాకూడదని సెల్సో రాత్రంతా కోరుకున్నాడు.

"దిగువన పిల్లి కన్నం ఉంది. గాలి అందులోంచి పోయేది. ఈసారి అది మూసుకుపోయింది."

"ఎలా?"

"ఏదో గుడ్డ. గాలికి కొట్టుకొచ్చి ఇరుక్కుంది."

"గాలికి కాదు నాయనా," అంది బల్బీనా.

"మామ్మా, లోపలికి వెళ్లు."

"అది వంటప్పుడు కట్టుకునే నా ఆప్రాన్. నేనే పెట్టాను. వైన్ మూగబోయిందని వాడు దిగులు పడుతుంటే, చలి అటునుంచి వస్తోందని…" ఆగింది. చేతులు చూసుకుంది. "రాయి కూడా పెట్టాను. గట్టిగా."

"ఇలా అవుతుందని నీకేం తెలుసు పెద్దమ్మా," అన్నాడు అమారో.

"నోర్ముయ్‌రా. నువ్వు వాణ్ణి బయటికి లాగావు. నేను లోపల పెట్టి మూశాను."

ఆమె ఇంట్లోకి వెళ్లింది. తిరిగి వచ్చేసరికి చర్చికి వేసుకునే నల్ల కోటు ఒంటిమీద ఉంది, చేతిలో సంచి. ఎవరి వంకా చూడకుండా జీపెక్కి ముందు సీట్లో కూర్చుంది.

"పద."

"ఎక్కడికి మామ్మా?"

"అమారోని పెట్టిన చోటికి. ఖాళీ అయిందిగా."

"నీ మీద కేసు లేదు."

"కొడుకు చచ్చాడు. కేసు లేదా?"

"లేదు మామ్మా. అలాంటి సెక్షన్ లేదు."

"సరిగ్గా చూడు. చదువుకున్నవాడివి. ఏదో ఒకటి ఉంటుంది."

సెల్సో దోసిందా వైపు చూశాడు, వచ్చి దింపుతుందేమోనని. ఆమె పందిరి రాతిస్తంభం పట్టుకుని అలాగే నిలబడింది. అమారో టోపీ తీసి చేతిలో నలుపుతున్నాడు.

సెల్సో స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. తాళం చెయ్యి చేతిలోనే ఉంది.

"ఈ బెల్టు ఎలా పెట్టుకోవాలి?" అంది బల్బీనా.

ఆమె మీదుగా వంగి బెల్టు లాగి పెట్టాడు. వదులుగా ఉంటే సరిచేశాడు కూడా. ఇక చెయ్యడానికి అతనికి ఏమీ మిగల్లేదు.