మూడు చోట్ల దాచిన గొంతులు

పొద్దున్నే పాలు పొయ్యి మీద పెట్టి కోడలు కంప్యూటర్ ముందు కూర్చుంది. పక్షవాతంతో మాట పడిపోయినవాళ్లు మళ్లీ మాట ఎలా కూడగట్టుకుంటారన్నది ఆమె పరిశోధన. నలభై మంది గొంతులు, నాలుగేళ్లపాటు వారం వారం రికార్డు చేసింది. రెండు నెలలుగా రాత పనిలో పడి ఆ ఫోల్డర్ జోలికి పోలేదు. ఇవాళ తెరుద్దామంటే ఫోల్డరే లేదు. పాలు పొంగిపోతున్నా ఆమె లేవలేదు.

“నా రికార్డులేవీ?” అని భర్తను అడిగింది.

“అవా? చెల్లి పెళ్లి వీడియోలకి చోటు చాలక రెణ్ణెల్ల కిందటే తీసేశా. ఆఫీసులో ఉంది, ఆన్‌లైన్‌లో ఉంది, మూడు చోట్ల దాచానని నువ్వేగా గొప్పలు పోయావ్!”

“అయ్యో, ఆ మూడూ ఒకదానికొకటి కలిపి ఉన్నాయి! ఇక్కడ తీసేస్తే అక్కడా పోతాయి. తీసేసినవి నెల రోజులే ఉంచుతారు. నా కొంప ముంచావు కదయ్యా!”

“ఆ సంగతి నాకెప్పుడైనా చెప్పి చచ్చావా? విడిగా హార్డ్‌డిస్క్‌లో పెట్టుకోమని మీ గైడ్ నెత్తీ నోరూ కొట్టుకుంటే నీకు తీరికే లేదాయె!”

అది నిజం. నిజం కాబట్టే ఆమెకు ఒళ్లు మండిపోయింది. “వాళ్లలో పదకొండు మంది ఇప్పుడు లేరు. ఎవర్ని లేపి మాట్లాడించమంటావ్?”

గుమ్మంలో నిలబడి అంతా వింటున్న మామగారు గదిలోకెళ్లి ఒక పెన్‌డ్రైవ్ తెచ్చారు.

“తిట్టకమ్మా. మీ అత్తయ్యది మాత్రం ఉంది.”

ఆ పదకొండు మందిలో అత్తగారూ ఒకరు. ఆవిడ పోయాక ఆ రికార్డులు ఇమ్మని ఆయన రెండుసార్లు అడిగారు. బయటికి ఇవ్వనని సంతకం పెట్టానంటూ కోడలు ఖరాఖండిగా కాదంది.

“నువ్వు లేనప్పుడు దొంగతనంగా ఎక్కించుకున్నా. రోజూ ఒకటి వింటా,” అన్నారాయన తల దించుకుని.

ఆమె దాన్ని కంప్యూటర్‌కి పెట్టి ఒకటి తెరిచింది. “మీ... మీరు... తిన్నారా?” అంది అత్తగారి గొంతు. వెనకాల తన గొంతే, నవ్వుతూ, “శభాష్ అత్తయ్యా! ఇంకోసారి” అంటోంది.

భర్త వెళ్లి పొయ్యి ఆర్పాడు.

భార్య గొంతు ఇమ్మని, నాన్న గొంతు ఇమ్మని పోయిన తక్కిన పదిమంది ఇళ్లవాళ్లూ అప్పట్లో అడిగారు. నా దగ్గర భద్రంగా ఉంటాయని అందరినీ పంపించేసింది. వాళ్ల ముఖాలు ఒక్కొక్కటే గుర్తొచ్చి, మామగారి చేతులు పట్టుకుని భోరుమంది.

“వాళ్లంతా మీలాగే దొంగతనం చేసుంటే ఎంత బాగుండేది మావయ్యా!”