పదో పాటలోని గొంతు

మా అన్నయ్య పాడితే దాన్ని పాట అనరు, కడుపులోంచి వచ్చే గుర్రు అంటారు. డెత్ మెటల్ అంటే అంతే మరి. డ్రమ్ములు వడగళ్ళలా పడుతుంటాయి, గిటార్లు రంపాల్లా కోస్తుంటాయి, వాటి మీద ఒక మనిషి గొంతు చించుకుని శవాల గురించీ సమాధుల గురించీ అరుస్తాడు. ఏమంటున్నాడో ఒక్క ముక్క అర్థం కాదు. అర్థం కావాలని వినేవాళ్ళూ అడగరు.

ముప్ఫై రెండేళ్ళ బృందం మాది. పాడేది అన్నయ్య, డ్రమ్ములు మా అక్క భర్త, బావ. నేను రికార్డింగ్ ఇంజనీర్ని. వాళ్ళ ప్రతి ఆల్బమూ నా చేతుల మీదుగానే వచ్చింది. పదకొండేళ్ళ తర్వాత ఇప్పుడు కొత్తది మొదలుపెట్టాం. అప్పుడు ఒంటినిండా నల్ల బట్టలు. ఇప్పుడు అవే నల్ల బట్టల కింద మోకాళ్ళకి పట్టీలు. "నరకం సంగతి తర్వాత, ముందు నన్ను ఈ మెట్లు ఎక్కించండి," అనేవాడు బావ.

తొమ్మిది పాటలు అయిపోయాయి. పదోది మిగిలింది. అన్నయ్య గొంతు బాగా వాచిపోయిందనీ, ఇంకో నెల ఇలాగే అరిస్తే మాట కూడా పోతుందనీ డాక్టరు చెప్పాడు. ఇదే ఆఖరి ఆల్బమ్ అని అందరికీ తెలుసు. ఆ ఒక్క పాట బాగా రావాలని అందరికంటే నాకే ఎక్కువ పట్టింది.

పాడే గది మరీ చిన్నది. చేతులు చాపితే రెండు గోడలూ తగులుతాయి. గోడలకి మందపాటి స్పాంజి, ఒకవైపు రెండు పొరల అద్దం, ఒకటే తలుపు. అద్దానికి ఇవతల నా బల్ల, కంప్యూటరు, సోఫా. అన్నయ్య బాగా కింది గొంతుతో గుర్రుమంటే తలుపు లోపలి పిడి గడగడలాడేది. ఆ చప్పుడు మైకులో పడేది. విసుగొచ్చి పిడి ఊడబీకేశాను. ఎలాగూ బయటినుంచి నేనే తీస్తానుగా అనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

ఆ మధ్యాహ్నం అన్నయ్య నాలుగుసార్లు పాడి, ఒక్కటీ నచ్చక, బయటికొచ్చి సోఫాలో కూలబడ్డాడు. బావ వేడినీళ్ళు అందించాడు. అప్పుడు చూశాను. గది ఖాళీగా ఉంది. కానీ కంప్యూటరు తెర మీద, మైకు తాలూకు పచ్చగీత లేచి పడుతోంది. నెమ్మదిగా... నిద్రలో ఎవరో ఊపిరి తీస్తున్నట్టు.

"వైరు లూజయ్యుంటుంది, చూసొస్తా. రికార్డింగ్ అలా నడవనీ," అని లోపలికెళ్ళాను.

స్పాంజి వాసన. చెమట వాసన. వాటి అడుగున తుప్పు వాసన. వైరు గట్టిగానే ఉంది. మైకు ఏం పట్టుకుంటోందో విందామని హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాను. వెనక తలుపు మూసుకున్న చప్పుడు వినపడలేదు. చెవులు దిబ్బడ వేసినట్టయి, తిరిగి చూస్తే మూసి ఉంది.

"అన్నయ్యా, తలుపు తియ్యి," అన్నాను మామూలుగానే.

అద్దం అవతల అన్నయ్య చటుక్కున తలెత్తాడు. కళ్ళు మెరిసిపోతున్నాయి. బల్ల మీది మైకు మీట నొక్కాడు. నా చెవుల్లో అతని గొంతు వినపడింది. "ఒరేయ్, ఇన్నాళ్ళూ ఈ గొంతు ఎక్కడ దాచావురా? ఆపకు."

నేను అరవలేదు. ఊరికే మాట్లాడానంతే.

అప్పుడు నా మెడ మీద ఊపిరి తగిలింది. చల్లగా, తడిగా. ఆ గదిలో ఇంకో మనిషి నిలబడే చోటు లేదు. వెనక్కి తిరిగే ధైర్యం నాకు లేదు.

అరిచాను. అద్దం మీద రెండు చేతులతో బాదాను. బావ తొడల మీద దరువేస్తూ తల ఊపుతున్నాడు. నేను ఏడ్చినకొద్దీ వాళ్ళ సంబరం పెరుగుతోంది. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం అంటే ఏమిటో ఆ రోజే తెలిసింది.

ఇంతలో హెడ్‌ఫోన్లలో నా కేక వినపడింది. "వదిలెయ్..."

నేనింకా నోరు తెరవలేదు.

ఆ తర్వాతే నా నోటినుంచి అదే కేక వచ్చింది.

తలుపు ఎప్పుడు తీశారో తెలీదు. సోఫా పక్కన నేల మీద పడి ఉన్నాను. అన్నయ్య నా మొహం చూసి నీళ్ళు తాగించాడు.

"తియ్యమంటే ఎందుకు తియ్యలేదు?" అని గొణిగాను.

"నువ్వు తలుపు మాటే ఎత్తలేదురా. పదకొండు నిమిషాలు గుర్రుమన్నావు. నేను జన్మలో అలా పాడలేదు."

రికార్డింగ్ నా చేత్తోనే ఆపాను. గదికి తాళం వేసి తాళంచెవి అన్నయ్యకిచ్చేశాను. ఆ అరుపులనే పదో పాటలో పెడదామన్నాడు. సరేనన్నాను.

మర్నాడు ఆ ఫైలు తెరిస్తే ఇరవై ఆరు నిమిషాలు ఉంది. మూడో రోజుకి గంట దాటింది. కంప్యూటరు మార్చాను, వైర్లన్నీ పీకేశాను. అయినా పెరుగుతూనే ఉంది. అందులో గుర్రు లేదు. అచ్చంగా నా గొంతే. తలుపు తియ్యమని బతిమాలుతోంది. అక్కని పిలుస్తోంది. చీకటిగా ఉందంటోంది. చెరిపేద్దామని రెండుసార్లు మీట మీద వేలు పెట్టి, నొక్కకుండానే వెనక్కి తీసుకున్నాను. చెరిపితే అందులో ఉన్నవాడు ఏమవుతాడు?

ఎవరికీ చెప్పలేదు. భయమేసింది.

తొమ్మిదో రోజు అన్నయ్య పాట ఎంతవరకొచ్చిందని వచ్చి, నేను వద్దంటున్నా హెడ్‌ఫోన్లు లాక్కుని పెట్టుకున్నాడు. సోఫా అంచున కూర్చుని కళ్ళు మూసుకుని విన్నాడు. తర్వాత ఒక చెవి వైపు తీసి నాకు వినిపించాడు. అరుపులు లేవు. గొంతు పూర్తిగా పోయి, గుసగుస మాత్రమే మిగిలింది.

"అన్నయ్యా... నీ పక్కన ఉన్నది నేను కాదు. చిన్నప్పుడు నన్ను ఏమని పిలిచేవాడివో... వాణ్ణి అడుగు."

అన్నయ్య నా వైపు తిరిగాడు. ముప్ఫై రెండేళ్ళు దెయ్యాల పాటలు పాడినవాడు, నాకు రెండడుగులు దూరం జరిగాడు.

"చెప్పరా," అన్నాడు మెల్లగా.

నవ్వొచ్చింది నాకు. సొంత తమ్ముడికి పరీక్ష పెడతారా ఎవరైనా? చెబుదామని నోరు తెరిచాను. వేలు పట్టుకుని బడికి తీసుకెళ్ళడం గుర్తుంది. పడితే మోకాలికి మందు రాయడం గుర్తుంది. ఆ పిలుపు మాత్రం... నాలుక చివరే ఉంది. రావడం లేదు.

అన్నయ్య కళ్ళల్లో నీళ్ళు నిండాయి. జేబులోంచి తాళంచెవి తీశాడు. తాళం తీసి, తలుపు బార్లా తెరిచి పట్టుకున్నాడు.

"ఒక్కసారి లోపలికెళ్ళి నిలబడు నాయనా. ఒక్కసారి... నా తమ్ముణ్ణి పంపించెయ్."

నేను నేనే. ఒట్టేసి చెబుతున్నాను, నేను నేనే. కానీ తొమ్మిది రోజులుగా ఎవరూ అడుగుపెట్టని ఆ గదిలో, మైకు ముందు నేల మీద చెమట చుక్కలు ఇంకా ఆరలేదు.