వెర్నా చేతికి కుదిరిన పిస్తోలు

శనివారం పొద్దున వెర్నా బిస్కెట్లకి పిండి కలుపుతుంటే భర్త డెల్ ఒక చిన్న పెట్టె తెచ్చి గట్టు మీద పెట్టాడు. అందులో అరచేతిలో ఇమిడిపోయే నల్లటి పిస్తోలు ఉంది.

"నీకే. జేబులో వేసుకుంటే జేబురుమాలనుకుంటారు," అన్నాడు.

వెర్నా చేతులు కడుక్కుని దాన్ని తీసుకుంది. పైనున్న స్లైడ్‌ని వెనక్కి లాగితేగాని గుండు లోపలికెక్కదు. లాగింది. సగం దాకా వచ్చి వేళ్ళలోంచి జారిపోయింది. రెండోసారీ అంతే.

"నన్నడక్కుండా ఎందుకు కొన్నావయ్యా?"

"ముప్ఫై ఏళ్ళుగా పిస్తోలు నడుముకి కట్టుకు తిరుగుతున్నాను. నాకు తెలీదా?"

"నీ నడుం సంగతి నీకు తెలుసు. నా వేళ్ళ సంగతి? ఇరవై రెండేళ్ళు మంచాన పడ్డవాళ్ళని పక్కలు తిప్పీ తిప్పీ కీళ్ళరిగిపోయాయి."

వెర్నా అమెరికాలోని తూర్పు టెనెసీ కొండల్లో ఇంటింటికీ వెళ్ళి రోగుల్ని చూసే నర్సు. పోయిన నెల ఒక ఇంటి ముందు, రోగి మేనల్లుడు ఆమె కారుకి అడ్డంగా నిలబడ్డాడు. నొప్పి మాత్రలు ఇమ్మంటూ ఇనప రెంచితో అద్దం కొట్టాడు. ఆమె తలుపులు బిగించుకుని డెల్‌కి ఫోన్ చేసింది. పావుగంట దూరానికి అతను ముప్పావుగంటకి వచ్చాడు. ఈలోగా పొరుగాయన కేకలేస్తే వాడు పారిపోయాడు. ఆ రోజే తనకీ ఒక తుపాకీ ఉండాలని వెర్నా నిశ్చయించుకుంది.

టిఫిను కాగానే ఇద్దరూ తుపాకుల కొట్టుకి వెళ్ళారు. యజమానురాలు శ్రీమతి ఓడమ్, డెల్ కొన్నదాని పక్కన మరో రెండు పరిచింది.

"చిన్నది దాక్కోవడానికి బాగుంటుంది. కానీ ఎంత తేలికైతే పేల్చినప్పుడు చేతిని అంత గట్టిగా వెనక్కి తంతుంది," అందామె. "చేతిసంచిలో మాత్రం పెట్టకు. సంచి లాక్కున్నవాడికి తుపాకీ కూడా నువ్విచ్చినట్టే."

ఐదు గుళ్ళ రివాల్వర్‌కి స్లైడ్ గొడవ లేదు గాని, ట్రిగ్గర్ నొక్కేసరికి వెర్నా వేలు పీకింది. మూడోది కాస్త పొడుగు. స్లైడ్ వెన్నలా జరిగింది. చిటికెన వేలికి కూడా పట్టు దొరికింది.

"అది చొక్కా కింద కనబడుతుంది," అన్నాడు డెల్.

"వదులు చొక్కా కుట్టించుకుంటాను. పోనీ, నువ్వు కాల్చి చూపించు, ఏది మేలో."

కొట్టు వెనక కాల్చే చోటుంది. డెల్ ముందు తన నడుమునున్న పిస్తోలు తీసి ఐదు గుళ్ళు పేల్చాడు. రెండు గురికాగితం అంచుకి తగిలాయి. మిగతావి ఎటుపోయాయో తెలియలేదు. వెర్నా కాగితాన్ని చూడలేదు, అతని చేతినే చూసింది. అలాంటి వణుకు రోగుల దగ్గర ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదు. సొంత ఇంట్లో చూడలేకపోయింది.

"కళ్ళద్దాలు మార్చాలి," అంటూ డెల్ చేతిని జేబులో దాచుకున్నాడు. శ్రీమతి ఓడమ్ ఏదో పని గుర్తొచ్చినట్టు ముందు గదిలోకి వెళ్ళిపోయింది.

కారెక్కాక వెర్నా బండి తీయలేదు.

"ఎన్నాళ్ళ నించి?"

"చలికాలం నించి."

"నర్సుని పక్కన పెట్టుకుని దాచావా?"

"ఆ రోజు నువ్వు ఫోన్ చేశాక ట్రక్కు తాళంచెవి రంధ్రంలోకి పోలేదు వెర్నా. నాలుగుసార్లు కింద పడేసుకున్నాను. దారిలో చెట్టు పడిందని నీకు అబద్ధం చెప్పాను." డెల్ కిటికీ వైపు తిరిగాడు. "ఇంక నేను వేళకి నిన్నందుకోలేను. అందుకే ఎప్పుడూ నీ ఒంటిని వదలనంత చిన్నది వెతికాను."

పొద్దున వంటింట్లో తన మాటే నెగ్గాలని పంతం పట్టిన మనిషి కాదతను, భయపడిన మనిషి. ఆ సంగతి వెర్నాకి అప్పుడర్థమైంది.

"నాకు సరిపోయేది నేనేరుకున్నాను. కొంటాను. అందుకోలేకపోయావని నిన్నేమైనా అన్నానా?"

డెల్ నడుముకున్న తోలు ఒర విప్పి, పిస్తోలుతో సహా ఆమె ఒళ్ళో పెట్టాడు. "గుళ్ళు నువ్వే తియ్యి. నా చేతుల్ని నేనే నమ్మడం లేదు."

వెర్నా నెమ్మదిగా గుళ్ళు తీసేసింది. తర్వాత వణుకుతున్న అతని చేతిని తన అరిగిన వేళ్ళ మధ్య పెట్టుకుంది.

"సోమవారం డాక్టరు దగ్గరికి వెళ్తాను. నువ్వు కూడా లోపలికి రావాలి," అన్నాడు డెల్, ఆమెకేసి చూడకుండా.

"వస్తాను. ఆయన చెప్పేది ఇద్దరం కలిసే విందాం," అంది వెర్నా.