పరాయి రేణువు

అంగారకుడి మీది అరుణపురిలో ఎవరింటికి ఏ కొత్త యంత్రం వచ్చినా, అది గాలి వడపోసే చిన్న డబ్బా అయినా సరే, ముందు కుంకుమ బొట్టు పెట్టాల్సిందే. భూమిని వదిలినా ఆ అలవాటు వదల్లేదు. పొరల యంత్రం దగ్గర మాత్రం డాక్టర్ అచ్యుతరామయ్య ససేమిరా అన్నాడు.

"దుమ్ము కణం పడ్డా పొర పాడవుతుందమ్మా. బొట్టూ లేదు, గిట్టూ లేదు," అంటూ సహాయకురాలు శాంభవి చేతిలోంచి కుంకుమ భరిణె లాక్కుని జేబులో వేసుకున్నాడు.

పగిలిన గాజును అతికించే యంత్రమది. ముందు పగులు అంచుల్ని కరిగించి నున్నగా చేస్తుంది. ఆపైన ఖనిజపు ఆవిరి వదులుతుంది. ఆవిరిలోని అణువులు గాజు మీద వరసలుగా పేరుకుని స్ఫటిక పొర, అంటే క్రిస్టల్ లేయర్, కడతాయి.

దాన్ని పరీక్షించకముందే బడి కిటికీ పగిలింది. గాలి పోతోందని తలుపులు వాటంతటవే బిగుసుకున్నాయి. పిల్లలంతా లోపలే ఉండిపోయారు, శాంభవి కూతురు మేధతో సహా. అచ్యుతరామయ్య ఎవరినీ తాకనివ్వకుండా యంత్రాన్ని తానే మోసుకెళ్లి కిటికీకి బయటినుంచి తగిలించి, బడి తలుపుల ముందు అందరూ ఎదురుచూస్తున్న గదిలోకి వచ్చాడు.

"ఆవిరి నిండింది. పొర మొదలవడం లేదు," అంది యంత్రం గదిలోని స్పీకర్లోంచి.

"ఎందుకని?" అంది శాంభవి.

"గాజు మరీ నున్నగా ఉంది. అణువుల చిన్న గుంపు కూడితే, కలిసినందుకు దక్కే శక్తి కంటే అంచులకయ్యే ఖర్చే ఎక్కువ. అందుకే కూడినవి కూడినట్టే విడిపోతున్నాయి."

భోజనాల పంక్తిలో ముందెవరు కూర్చుంటారా అని అందరూ నిలబడిపోయినట్టుంది వాటి వరస. అక్కడ బడిలో గాలి తరిగిపోతోంది.

"మొదలైంది!" అంది యంత్రం ఉన్నట్టుండి. "నా మూతి నుంచి పరాయి రేణువు ఒకటి గాజు మీద రాలింది. దాన్ని ఆసరా చేసుకుని పొర పాకుతోంది."

"ఏం రేణువు?"

"కుంకుమ."

గదిలో అందరూ శాంభవి వంక చూశారు.

"నేను కాదు! ఒట్టు, నేను పెట్టలేదు!"

పొర కిటికీ అంతా పరుచుకుంది. తలుపులు తెరుచుకున్నాయి. మేధ పరుగున వచ్చి నడుం చుట్టేసింది. శాంభవి హమ్మయ్య అంటూ నేల మీదే కూలబడి, నవ్వుతూనే ఏడ్చేసింది.

పక్కనే అచ్యుతరామయ్య, బడిలోంచి వచ్చిన తన మనవరాలిని ఎత్తుకుని, చేతి తొడుగు తీసి కళ్లు తుడుచుకుంటున్నాడు. ఉంగరం వేలి కొస ఎర్రగా ఉంది.

"సార్, మీ వేలు..."

ఆయన గబుక్కున చెయ్యి జేబులో పెట్టేసుకున్నాడు. "ఈ పిల్ల కూడా లోపలే ఉందమ్మా. భయమేసింది," అన్నాడు మెల్లగా.

"మరి బొట్టు ఎవరు పెట్టారని చెప్పమంటారు?"

"నువ్వే పెట్టావని చెప్పేద్దూ. ఎలాగూ ఎవరూ నన్ను అనుమానించరు."