ప్రస్థానం మూట

పామిడిలో ఎండాకాలం వస్తే కోడికన్నా ముందు బిందెలు లేస్తాయి. కొళాయి రోజు విడిచి రోజు వస్తుంది, వచ్చినా ఎంతసేపు ఉంటుందో ఎవరికీ తెలియదు. ఆ పొద్దున వనజాక్షి వీధి కొళాయి దగ్గర నిలబడి ఉందన్న మాటే గానీ, చెవులు రెండూ ఇంట్లో టెలిఫోను దగ్గరే ఉన్నాయి. బిందె నిండి నీళ్లు పొర్లిపోతున్నా చూసుకోలేదు. పక్కింటి అంజనమ్మే బిందెను పక్కకు లాగి, "మనసు యాడ పెట్టుకోనుండావు వనజక్కా, నీళ్లన్నీ నేలపాలు చేస్తాండావు" అని విసుక్కుంది.

మనసు ఖాట్మండులో ఉంది. ఆ మాట పైకి అనడానికి లేదు.

రెండేళ్ల కిందట ఆమె కూతురు పద్మప్రియ బెంగుళూరులో నర్సింగు చదువుతూ, అక్కడే చదువుకునే సుజన్ అనే నేపాలీ అబ్బాయిని పెళ్లి చేసుకుని అతని దేశం వెళ్లిపోయింది. తండ్రి నారాయణ ఆ రోజు అరవలేదు, ఎవరినీ కొట్టలేదు. ఈ వీధిలో ఆ పిల్ల పేరు ఎవరూ ఎత్తకూడదని మాత్రం చెప్పి అంగడికి వెళ్లిపోయాడు. విత్తనాలు, ఎరువులు అమ్మే అంగడి అతనిది. రైతులు నలుగురు చేరి లోకం సంగతులన్నీ తిరగేసే చోటు. ఎవరైనా అడిగితే పాప ఢిల్లీలో ఆస్పత్రి పనిలో ఉందనేవాడు. ఊరికి నిజం తెలుసు. తెలిసినా తెలియనట్టు ఉండటం ఊళ్లకు వెన్నతో పెట్టిన విద్య.

అంతకుముందు వనజాక్షి మొగుణ్ణి "పద్మ నాయనా" అని పిలిచేది. ఆ రోజు నుంచి చిన్నవాడైన కొడుకు పేరు మీద అతను "వంశీ నాయన" అయిపోయాడు.

పద్మప్రియకు కొడుకు పుట్టాడు. ఆరో నెలలో అన్నప్రాశన అనుకున్నారు. సుజన్ తల్లి మంచి మనిషే గానీ, పుట్టినప్పుడూ రాలేదు, మొదటి ముద్దకైనా నీ పుట్టింటివాళ్లు రారా అని అడిగిందట. పద్మప్రియ ఆ మాట ఫోనులో చెప్పి ఏడ్చింది. పక్కనే కూర్చుని వింటున్న నారాయణ తల్లి బయమ్మ ఆ సాయంత్రమే కొడుకును పట్టుకుంది. చచ్చేలోపల కాశీ చూడాలి, అక్కణ్ణుంచి నేపాళం పోయి పశుపతినాథుణ్ణి చూడాలి అంది. ముసలావిడకు ఆ దేవుడి మీద అంత భక్తి ఉన్నట్టుండి ఎందుకు పుట్టిందో నారాయణకు తెలియదా? తెలిసే ఒప్పుకున్నాడు. బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్న వంశీ, అది పాస్‌పోర్టు అడగని విదేశం నాయనా అని నవ్వి, ముగ్గురికీ టికెట్లు తీసి పంపాడు. వీధిలో మాత్రం యాత్రకని చెప్పాలని నారాయణ కట్టడి చేశాడు.

శ్రీరామనవమి మరునాడు ముహూర్తం బాగుందని బయమ్మ ప్రస్థానం పెట్టించింది. మంచి ఘడియ ముందూ ప్రయాణం వెనకా అయినప్పుడు, పోయేవాళ్ల వస్తువులు మూటగట్టి, పోయే దిక్కున ఉన్న ఇంట్లో ఉంచుతారు. దాంతో బయల్దేరినట్టే. ఉత్తరం వైపు ఇల్లు అంజనమ్మది. నారాయణ పంచె, వనజాక్షి చీర, ముసలావిడ శాలువ, మనవడికని కొన్న వెండిగిన్నె, ఇన్ని బియ్యం పసుపుగుడ్డలో కట్టి ఆ ఇంటి దేవుడి గూట్లో పెట్టారు. ఎక్కడికని అంజనమ్మ అడిగితే కాశీకని చెప్పారు.

ఆ వెంటనే టీవీలో ఖాట్మండు కనిపించడం మొదలైంది. పాలన రాజు చేతిలో ఉండకూడదని జనం వీధుల్లోకి వచ్చారు. కర్ఫ్యూ పెట్టారు. కాలుతున్న టైర్లు, పరుగెత్తే మనుషులు, తుపాకులు పట్టుకున్న పోలీసులు. వనజాక్షి ఆ పొగలో కూతురి ముఖం కోసం వెతికేది. సెల్‌ఫోన్లు పని చేయకుండా ఆపేశారట. ఆస్పత్రిలో ఉన్న ఫోను నుంచి పద్మప్రియ చేస్తేనే మాట, లేకపోతే లేదు. వంటింట్లోంచి హాల్లోకి, హాల్లోంచి వంటింట్లోకి తిరుగుతూ, మధ్యలో రిసీవరు ఎత్తి లైను ఉందో లేదో చూసుకోవడం ఆమెకు అలవాటైపోయింది. రైలు ఎల్లుండి.

ఆ పొద్దున కొళాయి నుంచి వచ్చి బిందె దించుతుండగానే ఫోను మోగింది. పద్మప్రియే. ఆస్పత్రి నిండిపోయిందని, అంబులెన్సులోనే ఇంటికీ డ్యూటీకీ తిప్పుతున్నారని, బాబు బాగున్నాడని గబగబా చెప్పింది.

"అమ్మా, రావొద్దని చెప్పాలనే చేసినా. నోరు రాలేదు. ఇంట్లోనే ఏదో ఒక పొద్దు అన్నం ముట్టించేద్దామంటాంది మా అత్త. మీరొచ్చేమాటైతే ఎనిమిదో నెల దాకా ఆగుతాదంట. నాయన నిజంగా బయల్దేరతాడా మా? అవ్వ పోరు పడలేక ఊరికే అన్నాడా?"

జవాబు చెప్పేలోపల లైను తెగిపోయింది.

నారాయణ స్నానం చేసి వచ్చి పీట మీద కూర్చున్నాడు. రొట్టె తుంచుకుంటూ, ముఖం ఎత్తకుండానే అన్నాడు.

"టికెట్లు రద్దు చేయమని వంశీకి చెప్పినా. అంజనమ్మ ఇంట్లో నుంచి ఆ మూట తెచ్చుకోండి."

గోడకు ఆనుకుని తమలపాకు నలుపుకుంటున్న బయమ్మ చేయి ఆగింది. "ప్రస్థానం పెట్టిన మూట ముందుకు జరపొచ్చు గానీ వెనక్కి తేగూడదురా. తెస్తే ఆ దోవ మళ్లా తెరుచుకోదు."

"ఆడ తుపాకులు పేలుతాండాయి మా."

"ఈడ పేల్లేదా? రెండు పార్టీలోళ్లు బాంబులేసుకున్న పొద్దు, నొప్పులు పడతాండే పెండ్లాన్ని బండిలో పండబెట్టుకోని ఏటి ఇసకలో ఎద్దుల్ని తోలలేదా నువ్వు? పద్మ పుట్టింది ఆ పొద్దే గదరా."

"అప్పుడు ఇంగో దోవ లేదు. ఇప్పుడు కోరి పోవాల్నా? ముసిల్దాన్ని, ఆడమనిషిని ఎంటబెట్టుకోని?"

మాట న్యాయమైనదే. వనజాక్షికీ తెలుసు. కానీ ఆ మాట అంటున్నప్పుడు అతని ముఖంలో ఆమెకు భయం కనిపించలేదు, బరువు దిగినట్టు కనిపించింది. పెనం మీద రొట్టె మాడిపోతోంది. పొయ్యి ఆర్పేసి వచ్చి అతని ఎదురుగా నిలబడింది.

"పద్మ నాయనా" అంది.

రెండేళ్ల తర్వాత ఆ పిలుపు విని నారాయణ ఉలిక్కిపడి తలెత్తాడు.

"ఆ రాజు ఇప్పుడు పెట్టినాడు కర్ఫ్యూ. నువ్వు మనింట్లో రెండేండ్లకు ముందే పెట్టినావు. నా బిడ్డ పేరు గడప దాటకూడదని. ఆడ గలాటా అయ్యేసరికి నీకు పని సులువైపోయింది. నిజం చెప్పు, లోపల్లోపల నెమ్మదిగా లేదా నీకు?"

నారాయణ సగం రొట్టె అలాగే వదిలేసి, చేయి కడుక్కుని, తువ్వాలు భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

ఆ పగలంతా వనజాక్షికి కాలు ఒకచోట నిలవలేదు. బియ్యం ఏరింది, ఏరిన బియ్యమే మళ్లీ ఏరింది. కూతురి కోసమని దంచిన శెనిక్కాయల పొడి డబ్బా మూత తీసి చూసి పెట్టేసింది. అనకూడని మాట అన్నానా అని ఒకసారి అనిపిస్తుంది, రెండేళ్ల ముందే అనాల్సిందని మరోసారి అనిపిస్తుంది. మధ్యాహ్నం అతను భోజనానికి రాలేదు. బయమ్మ కూడా తినకుండా, వాకిట్లోకి చూస్తూ కూర్చుంది.

పొద్దు వాలుతుండగా వనజాక్షి లేచింది. వెళ్లే రాత లేదని తేలిపోయాక ఆ మూట పక్కింట్లో ఉండటం ఎందుకు? తెచ్చేసి, గిన్నె ఒక్కటన్నా పోస్టులో పంపుదామనుకుంది. అత్త ముఖం చూడకుండా గడప దాటింది.

"మూటా?" అంది అంజనమ్మ, చాటలో పప్పు చెరుగుతూ. "మధ్యాన్నమే మీ ఆయప్ప వచ్చి తీసకపోయినాడు గదా."

వనజాక్షికి చెప్పడం కూడా చాతకాక తనే వచ్చి తీసుకుపోయాడన్న మాట. ఇంటికి తేలేదంటే అంగడిలో పడేసి ఉంటాడు. కళ్లు తుడుచుకుని అంగడి దారి పట్టింది. అంగడి తలుపులకు తాళం ఉంది. ఎండ చల్లబడని వీధిలో ఎటు పోవాలో తెలియక నిలబడింది. ఎదురరుగు మీద కూర్చున్న హనుమంతమ్మ పిలిచింది.

"ఏమి వనజా, పద్మకు కొడుకంట గదా. ఆరు నెలల పిల్లోడంట. నాకు చెప్పనేలేదే నువ్వు?"

వనజాక్షి అరుగు దగ్గరికి వచ్చింది. "నీకెవరు చెప్పినారు పెద్దమ్మా?"

"ఇంగెవరు చెప్తారు, నీ మొగుడే. మూట భుజాన పెట్టుకోని పోతాండె. యాడికప్పా అంటే పాప ఇంటికన్నాడు. బస్టాండు దిక్కు పోయినాడు."

ఆ తర్వాత ఆమె నడిచిందో పరుగెత్తిందో ఆమెకే తెలియదు. దారి పొడుగునా ఒకరిద్దరు ఆడవాళ్లు నవ్వుతూ చూశారు. ఎవరూ వెక్కిరించినట్టు లేదు.

బస్టాండు పక్కన వెంకటప్ప టీ అంగడి ఉంది. వెంకటప్ప పొయ్యి దగ్గర పాలు తిప్పుతున్నాడు. గల్లాపెట్టె పైన దేవుడి పటం పక్కన పసుపు మూట కూర్చుని ఉంది. బెంచీ మీద నారాయణ, అతని చుట్టూ అంగడికి రోజూ వచ్చే రైతులు. వనజాక్షి స్తంభం పక్కనే ఆగిపోయింది.

"ప్రస్థానం పెట్టుకున్న చోట అబద్ధం చెప్పగూడదు వెంకటప్పా, అందుకని చెప్తాండా" అంటున్నాడు నారాయణ. మాట తడబడుతోంది గానీ ఆగలేదు. "కాశీకి కాదు, నేపాళం పోతాండాము. మా పాప ఇంటికి. అల్లుడు ఆ దేశమోడే. ఢిల్లీ గిల్లీ అంతా నేను చెప్పిన కత."

వెంకటప్ప మూటకేసి చూసి, "ఈడ ఎన్ని దినాలైనా ఉండనీ అన్నా, దినామూ దీపం పెడతా" అన్నాడు. ఒక ముసలి రైతు మనవడి పేరేమని అడిగాడు. నారాయణ తెల్లముఖం వేశాడు. అతనికి మనవడి పేరు తెలియదు.

"ఆరవ్" అంది వనజాక్షి, స్తంభం చాటు నుంచి బయటికి వచ్చి.

రైతులు లేచి చోటిచ్చారు. నారాయణ భార్య ముఖం చూడలేక నేల చూశాడు.

"నువ్వు అనింది నిజమే వనజా" అన్నాడు మెల్లగా. "టీవీలో ఆ మంటలు చూస్తే పాప ఎట్లుందోనని ప్రాణం పోతాండె. ఆ వెనకే, దోవ మూసుకుపోయిందిలే, పాప ముందర నిలబడే పని తప్పిందిలే అనిపిస్తాండె. రెండూ నాలోనే ఉండాయి. ఏ మొగం పెట్టుకోని పోవాలో తెలీక..."

కన్నీళ్లు దిగిపోతుంటే వనజాక్షి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఎల్లుండి రైలెక్కేది లేదు" అన్నాడు అతను మళ్లీ. "నిన్నూ అమ్మనూ ఆ తుపాకుల మద్దెకు తోలకపోలేను. గలాటా సల్లబడేదాకా మూట ఈడుంటాది. అప్పటికీ దోవ తెరవకుంటే గుత్తిలో మా మేనత్త ఇంటికి జరుపుతా. ఆ పైన గుంతకల్లు. వెనక్కి మాత్రం తేను. వంశీకి చెప్పినా, రద్దు వద్దు, వచ్చే నెలకు మార్చమని."

"ఎనిమిదో నెల దాకా ఆగుతారంట, మనమొచ్చే మాటైతే" అంది వనజాక్షి. "పొద్దున ఫోను చేసింది. నాయన నిజంగా బయల్దేరతాడా అని అడిగింది. ఏం చెప్పాలో తెలీలేదు నాకు."

నారాయణ లేచాడు. టీ అంగడి పక్కనే ఎస్టీడీ బూత్ ఉంది. లోపలికి వెళ్లి రిసీవరు ఎత్తాడు. పద్మ ఆస్పత్రి నంబరు రాసిన కాగితం ఇంట్లో ఉండిపోయిందని వనజాక్షి చెప్పబోయింది. ఈలోపే అతను వేలు ఎక్కడా తడుముకోకుండా అంకెలన్నీ నొక్కేశాడు. రెండేళ్లుగా ఒక్కసారి కూడా చేయని ఆ నంబరు అతనికి నోటికి వచ్చు. వనజాక్షి బూత్ తలుపు పట్టుకుని నిలబడిపోయింది. ఇన్నాళ్లూ ఈ ఇంట్లో ఏడుస్తున్నది తానొక్కతే అనుకుంది.

అవతల ఎవరో ఎత్తారు. పద్మప్రియ పేరు చెప్పాడు, సిస్టర్ పద్మప్రియ అని. చాలాసేపు అడుగుల చప్పుడు, మాటలు, ఏవో బండ్ల శబ్దం. తర్వాత ఒక అలసిపోయిన గొంతు హలో అంది.

నారాయణ తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

"పాపా" అన్నాడు చివరికి. "నేను. నాయన."

లైను పోయిందేమోనని వనజాక్షి చెవి దగ్గరగా పెట్టింది. లైను పోలేదు, కూతురు ఏడుస్తోంది. ఏడుపు మధ్యలోంచి అడిగింది.

"నాయనా, యాడుండారు?"

నారాయణ గాజు తలుపులోంచి పసుపు మూట వైపు చూశాడు.

"బయల్దేరినామమ్మా" అన్నాడు. "బస్టాండు దాకా వచ్చినాము."