కాలిన గోడౌను సందు

పాతూర్లో కోటవీధికి దిగువన, కాలిపోయిన గోడౌను సందంటే ఆ రోజుల్లో రిక్షావాళ్లు కూడా దండం పెట్టేవారు. పొద్దుగూకాక ఎంత బతిమాలినా అటు చక్రం తిప్పేవారు కాదు. మంటల్లో లోపల ఎవరు పోయారో, అసలు ఎవరైనా పోయారో లేదో ఎవరికీ సరిగ్గా తెలీదు. కానీ చీకట్లో ఆ గోడ పక్కన నడిస్తే, అవతల ఎవరో గట్టిగా ఊపిరి తీసినట్టు వినిపిస్తుందని మాత్రం అందరూ చెప్పేవారు.

అర్జునరావుకి ఇవేవీ లెక్కలేదు. లేదని చెప్పుకునేవాడు.

పరవాడ పక్క పల్లె నుంచి వచ్చి పోర్టులో ఓడల మీద పనిచేసే కలాసీగా కుదురుకున్నాడు. ఉక్కు ఫ్యాక్టరీ వస్తుందట, వస్తుందట అని ఊరు ఊరంతా చెప్పుకుంటున్న కాలం. అప్పుడే పెళ్లయింది. పిల్ల అతని మేనమామ కూతురే, తాయారు. పెళ్లికి ముందు నుంచీ ఆమెని ఒకే మాటతో ఊరించేవాడు— "టౌన్లో జోగమ్మ ముంత కింద పప్పు తినిపిత్తాను. తిన్నాక మీ ఊరి తిండి నోటికెక్కదు."

కాపరానికొచ్చిన కొత్తల్లో ఓ ఆదివారం సాయంత్రం, అన్నమాట ప్రకారం తీసుకెళ్లాడు.

పాత పోస్టాఫీసు మలుపులో జోగమ్మ గంప. గంప నిండా మరమరాలు, వేయించిన వేరుశనగ పలుకులు. వాటి మధ్యలో నిప్పులు నింపిన మట్టిముంత. ఆ వేడికి కింద పప్పు ఎప్పుడూ వెచ్చవెచ్చగా ఉండేది. ఉల్లిపాయ, పచ్చిమిర్చి సన్నగా తరిగి వేసి, కారం చల్లి, నిమ్మచెక్క పిండి, ఒక్క కుదుపు కుదిపి పొట్లం కట్టేది. కార్లలో వచ్చినవాళ్లు కూడా దిగి, ఆమె పిలుపు కోసం నిలబడాల్సిందే.

తాయారు మొదటి పిడికెడు నోట్లో వేసుకుంది. కళ్లంట నీళ్లొచ్చాయి. నవ్వొచ్చింది.

"ఓలమ్మో... మండిపోతంది బావా! కానీ వొదలబుద్దవట్లేదు."

అంతలో కరెంటు పోయింది. వీధి వీధంతా నల్లగా అయిపోయింది. జోగమ్మ లాంతరు వెలిగించి, తాయారు మొహంలోకి చూసింది.

"కొత్త పెల్లికూతురు... బాబూ, గోడౌను సందులోంచి ఎల్లకు. దూరమైనా కొండ సుట్టూ తిరిగెల్లు."

చుట్టూ పదిమంది ఉన్నారు. పోర్టు మనుషులూ ఉన్నారు. అర్జునరావు ఛాతీ విరుచుకున్నాడు.

"దెయ్యవా? నాను ఓడ అడుగున సీకట్లో ఒక్కణ్ణే పని సేసినోణ్ణి. వొత్తే దానికీ ఓ పొట్లం కట్టి ఇయ్యి, పట్టుకెల్తాను!"

అందరూ గొల్లున నవ్వారు. తాయారు కూడా నవ్వింది. మొగుణ్ణి చూసుకుని మురిసిపోయి నవ్వింది.

సందులోకి అడుగుపెట్టాక నవ్వులు వినపడటం ఆగిపోయింది. సముద్రం హోరు కూడా గోడ చాటుకి పోయినట్టు సన్నగిల్లింది. అతను ముందు, ఆమె వెనక. మసి కంపు. కాళ్ల కింద పెంకుల చప్పుడు.

సగం దూరం వచ్చారు.

హుఁ...

అర్జునరావు ఆగాడు. వెనక తాయారు కూడా ఆగింది.

"ఏటది బావా?" గుసగుసగా అడిగింది.

హుఁ... మ్...

ఈసారి చెవి పక్కనే. గోడకి అటువైపు కాదు— ఇటువైపు.

అంతే. ఎలా తిరిగాడో, ఎవర్ని తోసుకుంటూ వెళ్లాడో అతనికి తెలీదు. కాళ్లు పరిగెత్తాయి. వెనక నుంచి "బావా!" అని ఒక్క కేక. అది మాత్రం స్పష్టంగా వినపడింది. వినపడింది... అయినా ఆగలేదు.

లాంతరు వెలుగు కనిపించే దాకా ఆగలేదు.

జోగమ్మ తలెత్తింది. "అమ్మాయేది బాబూ?"

నిజం చెబితే పదిమందీ లాంతర్లు పట్టుకుని పరిగెత్తుకొచ్చేవారు. అది అతనికీ తెలుసు. కానీ ఆ పదిమందే ఇందాక నవ్వినవాళ్లు.

"ముందు నడిసెల్తంది... ఇంకో పొట్లం కావాలంటే వొచ్చాను."

జోగమ్మ నిమ్మచెక్క పిండింది. పొట్లం కట్టి ఇచ్చింది. అతను అందుకోవడంలోనే సగం పప్పు నేల మీద ఒలికింది. ఆమె అది చూడనట్టే ఉండిపోయింది.

సందు మొదట్లో నిలబడ్డాడు. "తాయారూ..." అన్నాడు. పిలుపు తనకే వినపడలేదు. ఒక అడుగు వేశాడు. రెండో అడుగు పడలేదు.

వెనక్కి తిరిగి, కొండ చుట్టూ ఉన్న దారి పట్టాడు.

దారి పొడుగునా తనని తాను తిట్టుకున్నాడు. అయినా ఆ తిట్ల మధ్యలోనే బుర్ర ఇంకో పని చేస్తూ ఉంది— ఆమెకేమైనా అయితే మావయ్యకి ఏం చెప్పాలి? చెయ్యి విడిపించుకుని తనే పరిగెత్తిందని చెబితే? ఆ ఆలోచన వచ్చినందుకు అక్కడే, రోడ్డు మధ్యలో, కూలబడిపోవాలనిపించింది.

ఇల్లు చేరేసరికి గదిలో దీపం వెలుగుతోంది.

తాయారు గుమ్మం మీద కూర్చుని ఉంది. కాళ్లు కడుక్కుని, చీర కుచ్చిళ్లు దులుపుకుంటూ, నిమ్మళంగా.

"వొచ్చావా? ఎటెల్లిపోయావ్ బావా?"

అతను మెట్టు మీదే ఆగిపోయాడు. "నువ్వు... ఎలాగొచ్చావే?"

"ఏటా మాట!" ఆమె నవ్వింది. "నువ్వే కదేటి తీసుకొచ్చావు? నన్ను తోసీసి అటెల్లావా... నాను బావా అని అరిసాను. మరుక్షణమే వొచ్చి సెయ్యి పట్టుకున్నావు. నాను కళ్లు గట్టిగా మూసీసుకున్నాను. మెట్ల కాడ కూడా ఆగి ఆగి ఎక్కించావు. ఎన్ని అడిగినా ఒక్క మాట పలకలేదు గానీ... గుమ్మం కాడ వొదిలీసి, నాను కళ్లు తెరిసేసరికి లేవు."

అర్జునరావుకి వెన్నులో సన్నగా చలి పాకింది. దానికంటే లోతుగా ఇంకేదో కాల్చింది. తను వదిలేసిన చేతిని ఇంకెవరో పట్టుకున్నారు. మనిషో, మరేదో... ఇంటి దాకా భద్రంగా తెచ్చి దించారు.

అప్పుడైనా చెప్పొచ్చు. నోటిదాకా వచ్చింది. తాయారు కళ్లు మాత్రం అతని మీదే ఉన్నాయి, మురిపెంగా.

"ఇది... ఇది తేడానికెల్లాను," అని పొట్లం ముందుకు చాపాడు.

"మళ్లీ ఆ సందులోంచేనా!" ఆమె బుగ్గలు నొక్కుకుంది. "మా నాన్నకి సెప్తాను, ఊరందరికీ సెప్తాను. మా బావకి బయవన్నదే లేదని."

అర్జునరావు తల వంచుకుని గోడవార కూర్చున్నాడు. ఆమె పొట్లం విప్పి ఇంత అతనికి పెట్టింది. అతను నమిలాడు.

తాయారు తన మణికట్టు రుద్దుకుంటూ దీపం దగ్గరికి జరిగింది.

"అది సరే గానీ బావా... ఉంగరం ఎప్పుడు సేయించావు? నాకు సెప్పనే లేదు. గట్టిగా పట్టుకున్నావేమో, సూడు, అచ్చు పడిపోనాది."

చూశాడు. తెల్లటి చేతి మీద ఎర్రగా, గుండ్రంగా, ఉంగరం రాయి ఒత్తుకున్న గుర్తు.

అర్జునరావు వేలికి ఏనాడూ ఉంగరం లేదు.

మెల్లగా రెండు చేతులూ వీపు వెనక్కి పెట్టేసుకున్నాడు.

"ఏదీ, సూపించు," అంటూ తాయారు నవ్వుతూ చెయ్యి చాపింది.