పెద్దసారు తిప్పని బిళ్ళ

కాలేజీ మెట్ల పక్కన నోటీసు బోర్డు ఉంటుంది. ఆ వారం విశేషాలన్నీ దాని మీదే. సోమవారం రెండో ఏడాది పిల్లలకి పాత గోడచిత్రాల మీద పాఠం. బుధవారం రంగులు నూరే పద్ధతి చూపిస్తారు. శనివారం సాయంత్రం ఆరింటికి గ్యాలరీలో ప్రిన్సిపాల్ గారి నలభై ఏళ్ళ బొమ్మల ప్రదర్శన, అందరూ తప్పక రావాలి. "తప్పక" కింద రెండు గీతలు. ఆ గీతలు గీయించింది ప్రిన్సిపాలే. ఆయన్ని అందరూ పెద్దసారు అంటారు. ఆ పెద్దరికం దేంట్లోనో ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు.

ఆ శనివారం మధ్యాహ్నం మూడింటికి దూదమ్మ తన గదిలో కూర్చుని, ప్రదర్శనలో అన్నిటికన్నా పెద్ద బొమ్మకి మురికి తుడుస్తోంది. పాత బొమ్మలు బాగుచెయ్యడం ఆమె ఉద్యోగం. పుల్లకి దూది చుట్టాలి, నాలుక మీద తడపాలి, బొమ్మ మీద మెల్లగా దొర్లించాలి. ఉమ్మేమిటి, ఛీ, అని కొత్తగా చేరిన పిల్లలు మొహం చిట్లిస్తారు గానీ పాత మురికికి అంతకన్నా మెత్తని మందు లేదు. పొద్దస్తమానం నోట్లో దూదిపుల్ల పెట్టుకుని తిరిగే మనిషిని దూదమ్మ అనక ఇంకేమంటారు?

పని నేర్పింది మేనత్త. అదే కాలేజీలో ముప్ఫై ఏళ్ళు పిల్లల చేత బొమ్మలు గీయించింది. పంటినొప్పికీ, రంగు త్వరగా ఆరిపోకుండా కలపడానికీ ఆవిడకి ఒకటే సీసా, లవంగ నూనె. ఆవిడ రాకముందే ఆ వాసన వచ్చేసేది. మేనకోడలికి అత్త ముక్కు రాలేదు, కళ్ళు రాలేదు, గొంతు మాత్రం అచ్చు గుద్దినట్టు దిగింది. ఫోనులో మాట్లాడేది అత్తో మేనకోడలో ఇంట్లోవాళ్ళకే తెలిసేది కాదు.

ఆ అత్త కిందటేడు సెలవుల్లో పోయింది. ఎలా పోయిందో చెప్పాలంటే ముందు బిళ్ళల సంగతి చెప్పాలి.

బొమ్మలు దాచే కొట్టు నేలమాళిగలో ఉంది. కిటికీ లేదు, ఫోను పలకదు, తలుపు చేతి మందం ఇనుము. తాళం బయటినుంచే. అందుకని తలుపు పక్కన ఒక పలక, దాని నిండా మేకులు, మేకు మేకుకీ ఒక చెక్కబిళ్ళ. ఒక వైపు ఎరుపు, "లోపల". రెండో వైపు పచ్చ, "బయట". కొట్లోకి వెళ్ళేవాళ్ళు తమ బిళ్ళని ఎరుపుకి తిప్పాలి, వచ్చేటప్పుడు పచ్చకి. ఒక్క ఎర్రబిళ్ళ ఉన్నా తాళం వెయ్యకూడదు. పెద్దసారు మాత్రం తన బిళ్ళని జన్మలో ముట్టుకోలేదు. నాకు బిళ్ళేమిటయ్యా, అనేవాడు. అది కొన్ననాటి నిగనిగతో ఎప్పుడూ పచ్చవైపే వేలాడుతుండేది.

కిందటేడు సెలవులిచ్చిన రోజు సాయంత్రం అత్త బిళ్ళ పచ్చగా ఉంది. తాళాల బాబాయి చూశాడు, తాళం వేశాడు. నాలుగు రోజుల తరవాత తీశాడు. తలుపు లోపలివైపు గీతలు ఎంత ఎత్తు నుంచి మొదలై ఎంత కిందికి దిగాయో చూసి ఆ మనిషి అక్కడే కూలబడ్డాడు. ఆవిడకి మతిమరుపు, బిళ్ళ తిప్పడం మర్చిపోయింది, అని పెద్దసారు కాగితం మీద రాసి సంతకం పెట్టాడు. అత్తకి మతిమరుపట! వందమంది పిల్లల పేర్లు, వాళ్ళ తమ్ముళ్ళ పేర్లతో సహా నోటికొచ్చిన మనిషికి! ఆ మాట తలుచుకున్నప్పుడల్లా దూదమ్మకి అరికాలి మంట నెత్తికెక్కుతుంది. అత్త బిళ్ళని ఇంటికి తెచ్చి, ఆవిడ కుంచెల పెట్టెలో పెట్టి మూత వేసింది.

సరే, శనివారం దగ్గరికి వద్దాం. బొమ్మలో ఒకావిడ కిటికీ దగ్గర కూర్చుని చొక్కాకి గుండీ కుడుతోంది. కింద మూలలో ఎర్రరంగుతో పెద్దసారు సంతకం. దూదమ్మ పుల్ల తడిపి ఆ మూల దొర్లించింది. దూది ఎర్రగా వచ్చింది.

ఆమె చెయ్యి ఆగిపోయింది. నలభై ఏళ్ళు ఆరిన రంగు ఉమ్మికి ఊడదు. ఇంకో పుల్ల. ఇంకా ఎరుపు. నాలుగో పుల్లకి సంతకం మొత్తం పోయింది, కింద బొమ్మ చెక్కుచెదరలేదు. అంటే ఈ సంతకానికి నెల కూడా నిండలేదు. అప్పుడు బొమ్మలో ఆవిడ చెయ్యి చూసింది. ఎడమ బొటనవేలు సగం నుంచి లేదు. నాయనమ్మకి అలాగే ఉండేది, చిన్నప్పుడు తలుపు సందులో పడి తెగిపోయింది.

గీసింది అత్త. వాళ్ళమ్మని గీసుకుంది.

పుల్లలు నాలుగూ గుప్పిట్లో పట్టుకుని దూదమ్మ పెద్దసారు గదిలోకి విసురుగా వెళ్ళింది.

"ఇదేంటి సార్?"

ఆయన పుల్లల వంక చూశాడు. మొహంలో రంగు మారలేదు, ఎంత గుండె ఉండాలి! "మీ అత్త నా గదిలో, నా రంగులతో వేసింది. నాది కాక ఎవరిదమ్మా? నిన్ను పర్మినెంటు చేసే ఫైలు నా బల్ల మీదే ఉందని గుర్తుంచుకో. ఇక్కడ పిల్లలు తిరుగుతుంటారు. బొమ్మ కొట్లోకి దించు, అక్కడ మళ్ళీ సంతకం పెడతాను."

దించింది. పన్నెండేళ్ళుగా ఏటేటా కాగితం మీద సాగుతున్న ఉద్యోగం. తన మీద తనకే ఒళ్ళు మండిపోతుంటే, బొమ్మ మోసుకుని మెట్లు దిగింది. తలుపు దగ్గర తన బిళ్ళ ఎరుపుకి తిప్పింది. పెద్దసారు మామూలుగానే పట్టించుకోకుండా లోపలికి నడిచాడు.

కొట్లో వరసగా ఇనుప జాలీలు, పట్టాల మీద చక్రాలతో లాగేవి. జాలీ నిండా బొమ్మలు. గాలి చల్లగా, పాత గుడ్డ వాసనతో ఉంది. దీపాలు పది నిమిషాలకి వాటంతటవే ఆరిపోతాయి, తలుపు దగ్గర మీట మళ్ళీ నొక్కాలి. చిట్టచివరి జాలీకి బొమ్మ తగిలించాక పెద్దసారు మునికాళ్ళ మీద కూర్చుని సన్నకుంచెతో సంతకం మొదలెట్టాడు.

మొదటి అక్షరం పడింది.

రెండోది వేసేసరికి మొదటిది లేదు.

ఆయన కళ్ళద్దాలు సర్దుకుని మళ్ళీ వేశాడు. మళ్ళీ లేదు. కాలి దగ్గర ఏదో తెల్లగా కనిపించింది. దూదిపుల్ల. కొస ఎర్రగా, తడిగా...

"దూదమ్మా, ఇవేం వేషాలు?" అన్నాడు.

"నా చేతులు ఖాళీ సార్." చూపించింది. ఆయన చూస్తుండగానే కాలి దగ్గర రెండో పుల్ల చేరింది. తరవాత మూడోది.

దీపాలు ఆరిపోయాయి.

చీకట్లో ఎక్కడో ఒక చక్రం కిర్రుమంది. ఒక జాలీ మెల్లగా జరిగింది. ఆగింది. దాని పక్కది జరిగింది. తలుపు వైపు నుంచి ఒక్కొక్కటే దగ్గరకి వస్తోంది... ఆ గాలితో పాటు వాసన. లవంగ నూనె.

దూదమ్మకి భయం వెయ్యలేదంటే అబద్ధం. కానీ ఆ వాసన తగలగానే అటు తిరిగి, "అత్తా..." అని గుసగుసగా అంది.

అంతే, చీకట్లో ఉన్నది ఎవరో పెద్దసారుకి అర్థమైంది. "నేను కావాలని చెయ్యలేదు!" అన్నాడు చీకటితో. "నీ బొమ్మ నీకిచ్చెయ్యమని, నీ పేరు పెట్టుకుంటానని నువ్వే కదా పోట్లాడావు... కాస్త బుద్ధి వస్తుందని, నువ్వు లోపలుండగా నీ బిళ్ళ పచ్చకి తిప్పాను. గంటలో తీయిద్దామనుకున్నాను. ఇంతలో రైలు టైమైంది... మర్చిపోయాను. నిజంగా మర్చిపోయాను!"

మర్చిపోయాడట.

దూదమ్మకి కళ్ళ ముందు ఆ గీతలు కదిలాయి. పై నుంచి కిందికి దిగిన గీతలు. ఇంక ఆ మనిషి పక్కన ఒక్క క్షణం నిలబడితే ఏం చేస్తుందో ఆమెకే తెలీదు. జాలీలు తడుముకుంటూ తలుపు వైపు నడిచింది. విచిత్రం, ఆమెకి ఏ జాలీ అడ్డం రాలేదు. వెనక నుంచి, "ఆగమ్మా, దీపం వెయ్యి... దారి కనపడ్డంలేదు... ఇక్కడ ఎవరో..." అని వినిపిస్తూనే ఉంది. మీట నొక్కలేదు. బయటికొచ్చి తలుపు లాగింది. తన బిళ్ళ పచ్చకి తిప్పి గోడకి ఆనుకుని నిలబడింది.

ఐదింటికి తాళాల బాబాయి మెట్లు దిగాడు. పలక మీద అన్నీ పచ్చ. కిందటేడు నుంచి ఆయనకి బిళ్ళల మీద నమ్మకం పోయింది. తలుపు జానెడు తెరిచి మూడుసార్లు పిలిస్తేగానీ తాళం వెయ్యడు.

"ఎవరైనా ఉన్నారా?"

లోపల చప్పుడు లేదు. దూదమ్మ నోరు తెరవలేదు. ఉన్నాడని చెబితే బయటికొస్తాడు. ఆరింటికి దండ వేయించుకుంటాడు. అత్త మతిమరుపు మనిషిగానే మిగిలిపోతుంది.

"ఎవరైనా ఉన్నారా?"

ఒక్కరాత్రి. అత్తకి నాలుగు. వీడికి ఒక్కటి చాలదా?

"ఎవరైనా ఉన్నారా?"

"ఎవరూ లేరు బాబూ, వేసెయ్యి." మెత్తగా వినిపించింది. అత్త గొంతు.

బాబాయి తాళం వేశాడు. ఆ చప్పుడుకి దూదమ్మకి ఒక్కసారి తెలివొచ్చినట్టయింది. వాడు చేసిన పనే తనూ చేస్తోంది. "తియ్యి బాబాయ్! లోపల పెద్దసారున్నాడు, తియ్యి!" అని అరిచింది.

తీశారు. దీపాలు వేశారు. జాలీలన్నీ వాటి వాటి చోటే ఉన్నాయి. ఒక్కొక్కటీ లాగి చూశారు. పెద్దసారు లేడు. చిట్టచివర సన్నకుంచె ఒకటి, దాని చుట్టూ ఎర్రటి దూదిపుల్లలు, చిన్న కుప్ప. బొమ్మలో కిటికీ దగ్గర నాయనమ్మ గుండీ కుడుతూనే ఉంది, మూల సంతకం లేదు. ఇంకో దారి లేని గది అది.

బయటికొచ్చి బాబాయి పలక వైపు వేలు చూపించాడు. ఏడాదిగా ఖాళీగా ఉన్న మేకుకి అత్త బిళ్ళ వేలాడుతోంది, పచ్చవైపు. ఇంట్లో పెట్టెలో మూత కింద ఉండాల్సిన బిళ్ళ. దాని పై వరసలో పెద్దసారు బిళ్ళ, ఎవరూ తాకని ఆ నిగనిగలాడే బిళ్ళ, ఎర్రవైపుకి తిరిగి ఉంది.

పైన గ్యాలరీలో జనం చేరుతున్న సందడి వినిపిస్తోంది.

"మరి ఆయనున్నాడని తెలిసి ఎవరూ లేరన్నావేంటమ్మా?" బాబాయి గొంతు తగ్గించి అడిగాడు.

"నేనేమీ అనలేదు బాబాయ్. అది లోపల్నుంచి కదా వచ్చింది... అత్త గొంతు."

బాబాయి తల అడ్డంగా ఊపాడు. "లోపల్నుంచి కాదమ్మా. నా వెనకనుంచి. నువ్వు నిలబడ్డ చోటినుంచే."

దూదమ్మ కాదనబోయి నోరు తెరిచింది. నాలుక మీద, పొద్దున్నుంచీ ఉత్త దూది తప్ప ఏదీ తగలని నాలుక మీద, లవంగ నూనె చురుక్కుమంటోంది.